ఏడు తరాల గొడుగు

ఇటు జరగండి. ఇంకొంచెం. నా మోకాలి మీద పడకు పండూ, అది పొద్దుట్నుంచీ సలుపుతోంది. ఇవాళ కథ లేదంటే మీరిద్దరూ వినరు కదా. పప్పు రుబ్బడం, వడియాలు పెట్టడం, కాకుల్ని తోలడం, మళ్ళీ ఆ వడియాలు తియ్యడం, నా నడుం నాది కాకుండా పోయింది. సరే చెప్తాను. ఒక్కటే చెప్తాను. మీరు ఊ కొడుతూ ఉండాలి. ఊ ఆగిందంటే కథ ఆపేసి నేనూ పడుకుంటాను, తర్వాత ఏడ్చినా లాభం లేదు. బొంత కప్పుకోండి. దాని మీద మళ్ళీ ఆ రగ్గెందుకే చిన్నీ? బరువు, తియ్యి. తియ్యవా? ఉంచుకో మరి, కాసేపాగి నువ్వే తన్నేస్తావు.

అనగనగా ఒక ఊరు. ఆ ఊరికో కోట, కోటకో రాజు, రాజుకో గొడుగు. మడిచి చంకలో పెట్టుకునే గొడుగనుకున్నారా? కాదు. ఇంత లావు కర్ర, కర్ర కొసన ఇత్తడి కలశం, చుట్టూ వెదురు పుల్లలు, పుల్లల చివర కుచ్చులు, మువ్వలు. విప్పితే మన వంటిల్లంత ఉండేది. దసరాకి రాజు కోట నుంచి అమ్మవారి గుడి దాకా నడిచి వెళ్ళేవాడు. అమ్మవారి మొక్కు కదా, రాజైనా నడవాల్సిందే. నెత్తిన ఎండ పడకుండా ఒక మనిషి ఆ కర్ర భుజానికి ఆనించుకుని, వెనకాలే గొడుగు పట్టుకుని నడవాలి.

ఆ మనిషి పేరు గవరయ్య. వాళ్ళింటి పనే అది. ఆ ఇంటి ఆడవాళ్ళు గొడుగు కుడతారు, మగవాళ్ళు మోస్తారు. గవరయ్య తాత మోశాడు, తండ్రి మోశాడు, ఇప్పుడు గవరయ్య వంతు వచ్చింది. కుట్టేది వాళ్ళావిడ ఆదెమ్మ. ఆ పిల్ల చేతి పని ఎలాంటిదంటే, కుట్టు ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో సూదికే తెలియాలి. ఇంట్లో అత్తగారు సన్నాసమ్మ. చూపు తగ్గి సూదిలో దారం ఎక్కక, పని కోడలికి అప్పజెప్పి అరుగు మీద కూర్చునేది.

ఊ కొడుతున్నారా? ఆ, గట్టిగా.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. కొత్త రాజు పట్టానికి వచ్చినప్పుడల్లా గొడుక్కి కొత్త గుడ్డ వెయ్యాలి. వేసుకోనీ, మంచిదే. పాత గుడ్డ మాత్రం తియ్యకూడదుట. తీస్తే తండ్రి నీడ తీసేసినట్టేనట. అందుకని తండ్రి గుడ్డ మీదే కొడుకు గుడ్డ బిగించి కుట్టేవారు. మొదటి రాజుది తెల్లటి నూలు గుడ్డ. ఆయన కొడుకుది ఎర్ర పట్టు. వాడి కొడుకు నెమళ్ళు కుట్టించాడు. ఆ తర్వాత ఒక పిసినారి రాజు వచ్చాడు, అద్దకం గుడ్డతో సరిపెట్టాడు, వాడే నయం. తర్వాతవాడు జరీ, ఆ తర్వాతవాడు అద్దాలు, మొన్న మొన్న పోయిన రాజు నీలం మఖమలు. ఏడు తరాలు, ఏడు గుడ్డలు.

ఇక చూడండి. కొడుకు గుడ్డ తండ్రి గుడ్డ మీద, తండ్రి గుడ్డ తాత గుడ్డ మీద, తాత గుడ్డ ముత్తాత గుడ్డ మీద, గుడ్డలన్నీ పుల్లల మీద, పుల్లలన్నీ కర్ర మీద, కర్రేమో గవరయ్య భుజం మీద, గవరయ్యేమో ఎండలో!

అవునే, ఎండలోనే. గొడుగు మోసేవాడికి గొడుగు నీడ ఉంటుందని ఎవరు చెప్పారు నీకు? నీడ రాజుది, బరువు గవరయ్యది.

గవరయ్య తండ్రి పోయిందీ దాని వల్లే. ఆయన మోసిన ఆఖరి దసరాకి గుడి మెట్ల దగ్గర మోకాళ్ళ మీద కూలబడ్డాడు. అయినా గొడుగు మాత్రం వాలనివ్వలేదుట. అందరూ ఆహా అన్నారు, ఓహో అన్నారు. కోటలో దివాను గారు, అంటే రాజు గారి పెత్తందారు, శాలువా తెచ్చి కప్పాడు. అది కూడా ఆ భుజం మీదే కప్పాడు. ఆ మనిషి మంచం ఎక్కి మళ్ళీ దిగలేదు. చచ్చినవాడి కళ్ళు చారెడని, పోయాక ఊరంతా ఒకటే పొగడ్త. సన్నాసమ్మ ఆ శాలువా మడిచి పెట్టెలో అడుక్కి తోసేసింది.

ఆ ఏడే రాజూ పోయాడు. ఆయన కొడుకు, మీసాలు కూడా సరిగా రాని కుర్రాడు, పట్టానికి వచ్చాడు. ఇంకేముంది, గొడుక్కి ఎనిమిదో గుడ్డ. దివాను బళ్ళో గొడుగు వేయించుకుని గవరయ్య ఇంటి పాకలో దింపించాడు. పసుపు పట్టు, బంగారు రేకులు, వెండి మువ్వలు ఇచ్చాడు. దసరాకి ఊరేగింపు, ఒక్క మువ్వ కూడా తగ్గకూడదు అన్నాట్ట. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి, గొడుగు కింద పడితే రాజ్యం పడ్డట్టేనని, పట్టుకున్నవాడి తల కూడా పడాల్సిందేనని, అదీ ఆచారమేనని గుర్తుచేసి మరీ వెళ్ళాడు. ఆ దివానుకి ఆచారం అన్న ఒక్క మాటే వచ్చు పాపం. అన్నంలో ఉప్పు ఎందుకు తక్కువైందని అడిగినా ఆచారం అనేవాడేమో.

గవరయ్య గొడుగు ఒకసారి ఎత్తి చూశాడు. ఎత్తాడు గానీ, దింపేటప్పుడు చేతులు వణికాయి. అది ఆదెమ్మ చూసింది. తను చూసిందని గవరయ్యా చూశాడు. అన్నం పెట్టింది, తిన్నాడు. సన్నాసమ్మ ఉప్పు మూట వేడిచేసి కొడుకు భుజానికి కాపడం పెట్టింది. మొగుడికి పెట్టిన మూటే అది.

ఏరా పండూ, పడుకున్నావా? పడుకోలేదా? మరి ఊ ఏదీ?

సరే. మర్నాడు ఆదెమ్మ పాకలో కూర్చుని పట్టు కత్తిరించింది. గొడుగు గుడ్డ కత్తిరించడం మాటలు కాదు. పుల్ల పుల్లకీ మధ్య ఒక ముక్క, అడుగున వెడల్పు, కొసన సన్నం. ముక్క పుల్ల కంటే కాస్త కురచగా ఉండాలి, అప్పుడే లాగి కడితే బిగుతుగా నిలుస్తుంది. ఎక్కువైతే గొడుగు ముసలిదాని చెంపలాగా వేలాడుతుంది. నా చెంప పట్టుకుని చూడక్కర్లేదు, వదులు. ఆదెమ్మకి ఆ పని కళ్ళు మూసుకున్నా వచ్చు. కానీ ఆ రోజు చెయ్యి సాగలేదు. బంగారు రేకు కుడితే మొగుడి భుజం గుర్తొచ్చేది, మువ్వ కుడితే మొగుడి భుజం గుర్తొచ్చేది. తన చేత్తో తనే ఆయన్ని కుంగదీస్తున్నట్టు అనిపించేది. కుట్టకపోతే కోటతో తంటా, కుడితే మొగుడికి మంట. అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది పాపం ఆదెమ్మ. కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

సరిగ్గా మిట్టమధ్యాహ్నం. ఆ వేళప్పుడు ఏం తిరుగుతాయో తెలుసుగా? ఆ, అవే. భయపడకు, నేనున్నాగా. ఇవి మంచి దెయ్యాలు, అలిసిపోయిన దెయ్యాలు. గొడుగు లోపల్నుంచి మూలుగు వినబడింది. ఎవరూ అంది ఆదెమ్మ. మేమే, పాత రాజులం అన్నాయి ఏడు గొంతులు. ఒక్కో గుడ్డ కింద ఒక్కో రాజు ఇరుక్కుపోయి ఉన్నాడుట!

పైనున్న రాజేమో, అమ్మాయ్, నా మీద ఇంకో గుడ్డ వెయ్యకే, నాకు ఇప్పటికే గాలి ఆడటం లేదు అన్నాడు. నోరు ముయ్యరా, నీ మఖమలు కిందపడి మేము ఉడికిపోతున్నాం అన్నాడు వాళ్ళ నాన్న. అద్దాలు గుచ్చుకుంటున్నాయని ఒకాయన, జరీ దురద పెడుతోందని ఒకాయన. పిసినారి రాజు మాత్రం, నాది పలచటి గుడ్డే, నన్నేమీ అనకండి అన్నాట్ట. పైవాడి బరువు కిందవాడి మీద, కిందవాడి బరువు ఆ కిందవాడి మీద, అందరి బరువూ అందరికంటే ముసలాయన మీద. చచ్చి కూడా సుఖం లేదు వాళ్ళకి.

మరి కుట్లు విప్పెయ్యమని మీరే ఒక మాట చెప్పండి బాబూ అంది ఆదెమ్మ. అంతే, అందరూ గప్‌చుప్. మా నాన్నగారి గుడ్డ తియ్యమని నేనెలా చెబుతాను, తప్పు కదూ అన్నాడు పైరాజు. మా నాన్నగారిది నేనెలా తియ్యమంటాను అన్నాడు ఆ కిందాయన. ఇలా ఒకరి మీద ఒకరు చెప్పుకుంటూ అడుగు దాకా వెళ్ళారు. అడుగున ఉన్న మొదటి రాజు, నూలు గుడ్డాయన, అప్పుడు నోరు విప్పాడు. పాపం, గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది.

ఆయన ఏమన్నాడంటే, అమ్మాయ్, నేనెప్పుడూ నా మీద కప్పమనలేదు. నేను పోయిన రోజుల్లో శత్రువులు పొలిమేరలో ఉన్నారు. మా వాడికి పట్టం త్వరగా కట్టాలి, పాత గుడ్డ విప్పే తీరిక లేదు, అందుకని దాని మీదే కొత్తది కుట్టేశారు. తీరిక లేక చేసిన పని అది. తర్వాతవాళ్ళు దాన్ని ఆచారం అనుకున్నారు అన్నాట్ట.

విన్నారా! తీరిక లేక చేసిన పనికి ఏడు తరాలు నడుములు విరగ్గొట్టుకున్నారు.

ఆదెమ్మకి ఏడుపు పోయింది, కోపం వచ్చింది. కానీ ఏం లాభం? గొడుగులో దెయ్యాలు చెప్పాయంటే దివాను నమ్ముతాడా? ఆచారం కాదంటాడు. కాసేపు బుగ్గన చెయ్యి పెట్టుకుని ఆలోచించింది. అప్పుడు నవ్వొచ్చింది ఆ పిల్లకి. ముల్లుని ముల్లుతోనే తియ్యాలి కదా అనుకుంది.

కోటకి కబురు పంపింది. ఏమనీ? కొత్త గుడ్డకి ఆఖరి కొలత తియ్యాలి, గొడుగు ఎవరి నీడ కోసమో ఆ మనిషే కర్ర పట్టుకుని నిలబడాలి, అది మా ఇంటి ఆచారం అని. దివానుకి తల గోక్కోవాల్సిన పనొచ్చింది. ఇదెప్పుడూ వినలేదే అన్నాడు. అన్నాడు గానీ, ఆచారం అన్నాక కాదనడం ఎలా? రాజు గారినీ, రాజు గారి తల్లినీ వెంటబెట్టుకుని వచ్చాడు. వచ్చీ రాగానే అరుగు మీదున్న సన్నాసమ్మని నిలదీశాడు. ఏమే ముసలమ్మా, ఇలాంటి ఆచారం నిజంగా ఉందా అని.

సన్నాసమ్మకి ఏం తెలుసు? కోడలు తనకి ముందు చెప్పలేదు. ఒకసారి కోడలి మొహం వేపు చూసింది. కళ్ళు సరిగా కనబడకపోయినా చూసింది. అప్పుడు లోపలున్న పెట్టె గుర్తొచ్చింది, పెట్టె అడుగునున్న శాలువా గుర్తొచ్చింది. ఉంది బాబయ్యా, మా అత్తా చెప్పేది, ఆవిడ అత్తా చెప్పేది అంది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ ఆడిన అబద్ధం అదొక్కటేట.

ఇక రాజు గారు కర్ర పట్టుకున్నారు. గవరయ్య దగ్గరుండి భుజానికి ఆనించి, పక్కకి తప్పుకున్నాడు. ఆదెమ్మ దారం తీసి కొలత మొదలెట్టింది. ఒక పుల్ల కొలిచింది, అయ్యో ముడి జారింది అంది, మళ్ళీ కొలిచింది. రెండో పుల్ల దగ్గరికి వెళ్ళింది, అయ్యో మొదటిది మరిచిపోయాను అంది, మళ్ళీ వెనక్కి వచ్చింది. నిదానంగా, నిమ్మళంగా, పెళ్ళికూతురు జడ అల్లుతున్నట్టు. రాజు గారికి చెమటలు పట్టాయి. ఇంకొంచెం సేపు మహాప్రభూ అంది. కాళ్ళు వణికాయి. ఇదిగో అయిపోయింది మహాప్రభూ అంది. గొడుగు ఇటు ఊగింది, అటు ఊగింది, మువ్వలన్నీ ఘల్లుమన్నాయి. దివాను గుండెలు బాదుకున్నాడు. పడిపోయే లోపల గవరయ్య ఒక్క ఉరుకున వచ్చి పట్టేసుకున్నాడు.

రాజు నేల మీద కూలబడి రొప్పుతూ, ఇంత బరువేమిటి ఇది అన్నాడు. మీ పెద్దలు మహాప్రభూ, ఏడుగురూ దీని మీదే ఉన్నారు అంది ఆదెమ్మ. ఊరేగింపు రోజున ఎవరు మోస్తారు అన్నాడు. ఇప్పుడు పట్టుకున్నాడే, ఆయనే, నా పెనిమిటి అంది. అంతకు ముందో అన్నాడు. అప్పుడు సన్నాసమ్మ అరుగు మీంచే, నా పెనిమిటి బాబయ్యా, గుడి మెట్ల దగ్గర కూలబడ్డాడే, ఆయనే అంది. మోసేవాడికే తెలుసు కావడి బరువు అంటారు. రాజు తన భుజం తడుముకున్నాడు. అప్పటికే కమిలిపోయి ఎర్రగా అయిపోయింది. కుర్రాడి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. నాకు తెలియదమ్మా, నేనెప్పుడూ మా నాన్నగారి పక్కన దీని కిందే నడిచాను గానీ పైకి చూడలేదు అన్నాడు. మంచివాడే. బరువు తెలియదు గానీ మంచివాడు.

పాతవి విప్పెయ్యండి అన్నాడు రాజు. దివాను ఆచారం అని నోరు తెరిచేలోపలే రాజమాత లేచింది. వీల్లేదు అంది. ఆవిడ కోపంగా అనలేదర్రా, భయంగా అంది. ఆ నీలం మఖమలు మొగుడి కోసం ఆవిడ ఏరి తెప్పించిందట. అది తీస్తే ఆయన మళ్ళీ పోయినట్టే కదా నాకు అని కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆదెమ్మ దారం కింద పెట్టింది. దగ్గరికి వెళ్ళి, తల్లీ, రేపు దీని మీద పసుపు పట్టు కుట్టేస్తే, ఆ నీలం మీకు మళ్ళీ ఎప్పుడు కనబడుతుంది అని మెల్లగా అడిగింది.

రాజమాత ఆ నీలాన్ని చేత్తో నిమిరింది.

మీ మామగారు కుట్టించుకున్న అద్దాలు, ఆ నీలం వేశాక మళ్ళీ ఎన్నడైనా చూశారా తల్లీ అంది. చూడలేదు. నెమళ్ళు ఎవరైనా చూశారా? లేదు. కప్పితే ఉన్నట్టు కాదు తల్లీ, కప్పితేనే పోయినట్టు. మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు పోతే వాళ్ళ బట్టలు ఒకదాని మీద ఒకటి తొడుక్కోం. తలా ఒక ముక్క తీసి బొంత కుట్టుకుంటాం. అందరూ ఉంటారు, అందరూ కనబడతారు, అందరూ కలిసినా ఒక్క బొంత బరువే అంది.

రాజమాత ఆదెమ్మ చేతుల వేపు చాలాసేపు చూసింది. సూది పోట్లే ఉన్నాయి ఆ వేళ్ళ నిండా. అయితే మొదటి కుట్టు నేను విప్పుతాను అంది. విప్పింది కూడా.

చిన్నీ, ఊ. ఆ, మంచిదానివి. ఇంకొంచెమే.

కలశం తీశారు, పుల్లల చివర ముడులు విప్పారు. ఒక్కో గుడ్డ లేస్తుంటే లోపల్నుంచి ఉస్సురుమని గాలి వచ్చిందట. ఒకరి తర్వాత ఒకరు ఏడుగురు రాజులూ ఒళ్ళు విరుచుకుని, హమ్మయ్య అనుకుంటూ వెళ్ళిపోయారు. నూలు గుడ్డ ముసలాయన ఆఖర్న వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ ఆదెమ్మ తల మీద చెయ్యి పెట్టి వెళ్ళాడుట.

ఆదెమ్మా సన్నాసమ్మా కలిసి కూర్చున్నారు. ఈవిడ కుడితే ఆవిడ దారం నిమిరి ఇచ్చింది. ప్రతి గుడ్డలోనూ బాగున్నచోట చూసి ఒక ముక్క తీశారు. తెల్లది, ఎర్రది, నెమలిది, అద్దకంది, జరీది, అద్దాలది, నీలంది. పక్కన కొత్త రాజు పసుపు పట్టు. ఎనిమిది ముక్కలు, ఎనిమిది పుల్లల మధ్య ఎనిమిది వాటాలు. అన్నీ కలిపితే ఒక్క పొర! చుట్టూ కుచ్చులు, ఎనిమిదే ఎనిమిది మువ్వలు. గంజి పెట్టి, ఎండబెట్టి, లాగి బిగించేసరికి వేలితో కొడితే డప్పులాగా మోగింది. మిగిలిన నీలం మఖమలు రాజమాతకి దుప్పటిగా కుట్టి ఇచ్చింది. ఎన్నాళ్ళుగానో నిద్రలేని మనిషి, ఆ రోజు కప్పుకుని పడుకుందట పాపం.

గొడుగు తేలికవుతుంది కదా అని, గుడ్డ బిగించక ముందే ఆదెమ్మ ఇంకో పని చేసింది. పుల్లలు ఒక్కోటీ పాతవాటి కంటే జానెడు ఎక్కువ పొడుగువి వేసింది. ఎందుకే అని అత్త అడిగితే, ఉండు చూద్దువు గాని అంది.

దసరా వచ్చింది. డప్పులు మోగాయి. ఊరంతా రోడ్డు మీదే. గవరయ్య గొడుగెత్తాడు. ఎత్తిన మనిషి ఆశ్చర్యపోయి పైకి చూశాడు. ఇక చెప్పండి, మీకూ వచ్చుగా. తండ్రి ముక్క కొడుకు పక్కన, తాత ముక్క తండ్రి పక్కన, ముత్తాత ముక్క తాత పక్కన, ముక్కలన్నీ పుల్లల మీద, పుల్లలన్నీ కర్ర మీద, కర్రేమో గవరయ్య భుజం మీద, గవరయ్యేమో...

నీడలో!

అందుకే ఆ జానెడు. రాజూ నీడలోనే, గవరయ్యా నీడలోనే. గుడి మెట్ల దగ్గరికి వచ్చినా గవరయ్య మోకాలు వంగలేదు, చకచకా ఎక్కేశాడు. అందరూ చప్పట్లు కొడుతుంటే సన్నాసమ్మ మాత్రం ఆ మెట్టు మీద, మొగుడు కూలబడ్డ మెట్టు మీద కూర్చుండిపోయింది. ఆదెమ్మ వెళ్ళి పక్కన కూర్చుంది. నేనూ కుట్టానే ఆదెమ్మా, నా చేత్తోనే కుట్టాను, విప్పొచ్చని నాకెందుకు తోచలేదే అంది ముసలమ్మ. నీ తప్పు కాదత్తా, నీకెవరూ చెప్పలేదు అని కోడలు ఆవిడ తల భుజం మీద ఆనించుకుంది.

ఆ తర్వాత అందరూ సుఖంగానే ఉన్నారు. రాజు రాజ్యం ఏలాడు, దివాను కొత్త ఆచారం నేర్చుకున్నాడు, ఇప్పుడు ముక్క కుట్టకపోతే ఆచారం కాదంటాడుట. గవరయ్యకి భుజం నొప్పి తగ్గింది. అంచేత ఏమిటంటే, పెద్దవాళ్ళని తలుచుకోవాలి గానీ తలకెత్తుకుని మొయ్యక్కర్లేదు. వాళ్ళకీ బరువే, మనకీ బరువే.

చూశావా, రగ్గు తన్నేశావు. చెప్పానా నేను? ఇదిగో, బొంత చాలు. ఈ ఎర్ర ముక్క మా అమ్మ చీరది. ఈ పువ్వులది మా అత్తగారిది. ఈ గళ్ళ ముక్క, పండూ, నీ చెయ్యి ఉందే, అది మీ తాతయ్య లుంగీది. తీసెయ్యకు, అక్కడే ఉంచు చెయ్యి. నాకూ బాగుంటుంది.

కథ దాని దారిన అది కంచికి బయల్దేరింది, ఎండ తగలకుండా గొడుగేసుకునే పోతుంది. మనం ఎక్కడికీ పోనక్కర్లేదు, ఇంట్లోనే ఉన్నాం.

ఊ కొడుతున్నారా?

పడుకున్నారు. పోనీలే, నాకు నేనే కొట్టుకుంటాను. ఊ.